మూత సూపు ఎవరిది?

జనవరి 9

ఒరేయ్ తమ్ముడూ,

నీ ఉత్తరం అందింది. అందులో పొగమంచు గురించి రెండు పేజీలు, నీ ఆరోగ్యం గురించి ఒక్క ముక్క. క్రేను కేబిన్లో కూర్చుని పగటి కలలు కనడానికేనా ఆ రేవుకి బదిలీ చేయించుకున్నావు? అమ్మ మాత్రం ఆ పొగమంచు భాగాన్నే మళ్ళీ మళ్ళీ చదివించుకుంది. చూపు మసకబారినప్పటి నుంచి ఆవిడకి నీ ఉత్తరాలే కాలక్షేపం. ఫోన్ చేద్దామంటే, "ఫోన్లో మాట అప్పుడే గాలికి పోతుంది. మళ్ళీ వినాలంటే ఎలాగే?" అంటుంది. అందుకని నాకీ రాత చాకిరీ.

ఇప్పుడు అసలు సంగతి. ఊళ్ళో మ్యూజియం వాళ్ళు ఒక కొత్త గది తెరుస్తున్నారు. జనం ఇష్టపడి తినే వంటకాలు ఎక్కడ పుట్టాయి, ఎవరు మొదలుపెట్టారు అని గోడ మీద ఫొటోలతో సహా రాసి పెడతారట. అందులో మన మూత సూపుకి ఒక గోడ! ఒక అమ్మాయి పెన్నూ కాగితాలూ పట్టుకుని వచ్చి అమ్మని అడిగింది. "మాడిన ఉల్లిపాయలూ బార్లీ అర్థమయ్యాయి. గిన్నె మీద పళ్ళెం ఎందుకు బోర్లిస్తారు? గరిటెతో దాన్ని రెండుసార్లు తట్టేదాకా ఎవర్నీ మూత తియ్యనివ్వరేం?" అమ్మ నవ్వి, "ఇది రైల్వే యార్డు గోడ పక్క కొట్టమ్మా. బొగ్గింజను పోయినప్పుడల్లా గిన్నెలో మసి పడేది. మసి సర్దుకున్నాక తట్టేవాళ్ళం, ఇంక తినండని" అని చెప్పింది. అక్కడిదాకా బాగానే ఉంది. "ఎలా కనిపెట్టారు?" అనేసరికి మొదలైంది. ఓసారి వాన పడిన రోజంది. ఇంకోసారి కలలో ఎవరో కుండ ఊదుతూ కనిపించారంది. కొట్టుకి రొట్టెలు తెచ్చే అతనికి మూడో కథ చెప్పింది. ఆ అమ్మాయి బుర్ర గోక్కుంటూ వెళ్ళింది.

నది అవతల పెద్ద హోటలు వాళ్ళేమో, జలుబు చేసిన మంత్రిగారి కోసం తమ పెద్ద వంటవాడే దీన్ని కనిపెట్టాడని ఒకే కథ గట్టిగా చెబుతున్నారు. వాళ్ళ సూపులో మీగడ వేసి ఇత్తడి మూత పెడతారు. చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది.

నీకు చిన్నప్పటివి ఏం గుర్తున్నాయో రాయి. మ్యూజియం అమ్మాయికి కూడా ఒక కాపీ పంపు, అడ్రసు వెనక రాశాను. ఆ కళ్ళు పూర్తిగా పోకముందే గోడ మీద అమ్మ తన పేరు తను చదువుకోవాలిరా. నాకింకే కోరికా లేదు.

బావ ఉల్లిపాయలు తరుగుతూ నిన్ను అడిగానని చెప్పమంటున్నాడు. ఆ కన్నీళ్ళు నీ కోసం కావు, పొంగిపోకు.

అక్క

*

జనవరి 27

అక్కా,

రాయమన్నావని కేబిన్లో కూర్చుని ఆలోచించాను. కింద ఓడలు లేవు, రేవు లేదు, అంతా తెల్లటి మంచు. ఎక్కడో నీళ్ళ చప్పుడు. అందులోంచి నాకు గుర్తొచ్చినవి ఉల్లిపాయల వాసన, కిటికీ అద్దం మీద అమ్మ నీడ, బెంచీ మీద నేను నిద్రపోతుంటే పళ్ళెం తట్టిన చప్పుడుకి మెలకువ రావడం. ఇది సాక్ష్యంగా పనికొస్తుందో లేదో నాకు తెలీదు.

కానీ ఇక్కడో వింత జరిగింది. రేవు వెనకాల తాళ్ళ గోదాముల సందు ఒకటుంది. మొన్న సాయంత్రం డ్యూటీ దిగి నడుస్తుంటే ఆ సందులోంచి మన వంటగది వాసన వచ్చింది. నేను నిజంగానే ఆగిపోయాను. నడుస్తూ నడుస్తూ ఇంటికొచ్చేశానేమో అనిపించింది, నవ్వకు. వాసన పట్టుకుని వెళితే చిన్న తలుపు, లోపల నాలుగైదు బల్లలు. జనం చేతులు ఒళ్ళో పెట్టుకుని మాటాపలుకూ లేకుండా కూర్చున్నారు. ఒక్కొక్కరి ముందూ గిన్నె, గిన్నె మీద బోర్లించిన పళ్ళెం, దాని మీద రొట్టె. ఒక ముసలావిడ పొయ్యి దగ్గర నుంచి వచ్చి గరిటెతో ఒక్కో పళ్ళేన్నీ రెండుసార్లు తట్టింది. అప్పుడు లేచాయి మూతలు. ఆవిరిలో అందరి మొహాలూ కనబడకుండా పోయాయి.

ఇక్కడ దీన్ని నిద్ర సూపంటారు. ఎందుకు తడతారని పక్కనున్న పడవ మేస్త్రీని అడిగితే, "నిద్ర లేపకుండా ఎలా తింటావయ్యా?" అన్నాడు. ఇంకొకాయన, పళ్ళెం లేకపోతే పొగమంచు లోపలికి దిగి సూపు పల్చబడుతుందన్నాడు. మా తాతల నాటి నుంచీ ఉందన్నాడు మరొకాయన. రుచి మాత్రం మనదే అక్కా. ముద్ద మింగుతుంటే గొంతు పట్టేసింది.

అమ్మ చిన్నప్పుడు ఈ వైపు వాళ్ళెవరి దగ్గరైనా నేర్చుకుందేమో అడిగి చూడు. నువ్వు చెప్పినట్టే మ్యూజియం అమ్మాయికి కూడా ఇదంతా రాసి పంపాను.

పొగమంచు లోంచి,
తమ్ముడు

*

ఫిబ్రవరి 11

తెలివితక్కువ దద్దమ్మకి,

కొంప ముంచావు కదరా! అమ్మకి సాక్ష్యం చెప్పమంటే హోటలు వాళ్ళకి సాక్ష్యం చెప్పి వచ్చావా? నీ ఉత్తరం పట్టుకుని ఆ అమ్మాయి వచ్చి, "ఇది ఇంకెక్కడో పుట్టిందేమోనండీ, మీ అమ్మగారి పేరు ప్రస్తుతానికి పక్కన పెట్టాం" అంది. ఆ అమ్మాయి తప్పేం లేదు, కాపీ పంపమన్నది నేనే కదా. అందుకే నా కోపానికి అంతు లేకుండా పోతోంది.

కాస్త బుర్ర పెట్టి ఆలోచించు. నీ రేవు ఉన్నది దీవి మీద. అక్కడ రైలుందా? బొగ్గుందా? మసి ఉందా? పొగమంచుకి మూత పెట్టే వెర్రిబాగులవాడు లోకంలో ఎవడైనా ఉంటాడా? వాళ్ళకి అక్కర్లేని పని వాళ్ళు చేస్తున్నారంటే, అది అక్కరున్న చోటి నుంచి ఎవరో పట్టుకెళ్ళారన్న మాట. ఇక్కడి నుంచే! నీ నిద్ర సూపు వాళ్ళే దొంగలు. ఈ ముక్క రాయకుండా, గొంతు పట్టేసిందట, గొంతు!

ఇంకో దిగులు పట్టుకుంది. నీ ఉత్తరం అమ్మకి చదువుతూ ఆ సందు దగ్గర ఆపేద్దామనుకున్నాను, కానీ నోరు ఆగలేదు. అంతా వింది. ఒక్క మాట కూడా తిట్టలేదు. చివరికి, "ఆ మనిషి గరిటె ఏ చేత్తో పట్టుకుంటుందో వాణ్ణి చూసి రాయమను" అంది. అంతే. ఆ రోజు భోజనం దగ్గర కూడా మాట్లాడలేదు. కళ్ళతో పాటు మనసు కూడా మసకబారుతోందేమోనని భయంగా ఉంది. అడిగింది కాబట్టి రాయి, ఆవిడ తృప్తి కోసం.

నువ్వు చేసిన పనికి ఆశీస్సులు లేవు.

అక్క

*

ఫిబ్రవరి 26

అక్కా, తిట్టినవన్నీ ఒప్పుకుంటున్నాను. దద్దమ్మనే. మసి సంగతి నాకు తట్టలేదు.

చెయ్యి చూశాను. ఆవిడది పుర్రచేతి వాటం. గరిటె, కత్తి, చీపురు అన్నీ ఎడంచేత్తోనే.

చూసి ఊరుకోవలసింది. నువ్వు దొంగలన్నావని, తేల్చుకుందామని ఈ సూపు మీకు ఎవరు నేర్పారని అడిగాను. "ఎవరూ నేర్పలేదు. నేనే చేశాను, చిన్నప్పుడు, రైలు కట్ట పక్క వంటగదిలో" అంది. "మాది రైల్వే యార్డు దగ్గర సూపు కొట్టండీ, మా అమ్మ చేసిందది" అన్నాను. ఆవిడ చెయ్యి ఆగిపోయింది. నన్ను పైనుంచి కిందదాకా చూసి, "వంటకం కూపీ లాగడానికి కొడుకుని పంపిందా? ఇంకా ఉల్లిపాయలు మాడుస్తూనే ఉందా మీ అమ్మ? సూపు నాదని వెళ్ళి చెప్పు" అని వెనక్కి తిరిగిపోయింది. తర్వాత నా పళ్ళెం తట్టనే లేదు. అందరూ తింటుంటే నేను మూత పెట్టిన గిన్నె ముందు కూర్చుని కూర్చుని లేచి వచ్చేశాను.

అమ్మ దగ్గర ఎప్పుడో పని చేసి, తగువు పడి వెళ్ళిపోయిన మనిషై ఉంటుంది. అడిగినకొద్దీ రెచ్చిపోయి, మ్యూజియం దాకా వెళ్ళి సూపు తనదంటే మన పని అయిపోయినట్టే. అందుకని ఇక ఆ సందులో అడుగు పెట్టను. మ్యూజియం వాళ్ళకి కూడా నా ఉత్తరం పట్టించుకోవద్దని రాసేస్తాను. అమ్మ పేరు పోనివ్వను అక్కా.

ఇట్లు,
దద్దమ్మ

*

మార్చి 12

తమ్ముడూ,

అడుగు పెట్టనంటావేంట్రా! పెట్టు. రోజూ పెట్టు. ఆవిడ మన పిన్ని.

అవును, సరిగ్గానే చదివావు. నీ ఉత్తరంలో పుర్రచెయ్యి అనే మాట చదవగానే అమ్మ కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుంది. "ఉందన్న మాట" అంది. ఎవరమ్మా అంటే, "నా చెల్లెలు" అంది. ఇన్నేళ్ళూ నాకు ముందూ వెనకా ఎవరూ లేరని చెప్పిన మనిషి!

కొట్టులో జనం పల్చబడ్డాక కిటికీ వైపు మొహం పెట్టి కూర్చుని చెప్పింది. ఎవరి గురించో చెబుతున్నట్టు నెమ్మదిగా, మధ్యమధ్యలో ఆగుతూ చెప్పింది. అమ్మానాన్నా పోతే ఇద్దరినీ రైల్వే క్యాంటీన్లో పనికి పెట్టుకున్నారట. పిండి బస్తాల వెనక ఒకే దుప్పట్లో పడుకునేవాళ్ళట. ఒక మధ్యాహ్నం ఎండకి ఇద్దరికీ కునుకు పట్టింది. లేచేసరికి ఉల్లిపాయలు నల్లగా మాడిపోయాయి. మేనేజరు చూస్తే తన్ని తగిలేస్తాడని నీళ్ళు పోసి, బార్లీ వేసి, పళ్ళెం బోర్లించి కూర్చున్నారు. సాయంత్రానికి యార్డు కూలీలంతా అదే కావాలన్నారు.

"ఉల్లిపాయల దగ్గర ఉండమన్నది దాన్ని. నిద్రపోయి మాడ్చింది అది. నీళ్ళు పోసి నిలబెట్టింది నేను. సూపు నాది కాక ఎవరిదే?" అంటుంది అమ్మ. కిటికీ దగ్గర నిలబడి వడ్డించేది అమ్మ కాబట్టి కూలీలు దాన్ని పెద్దమ్మాయి సూపు అనేవాళ్ళట. పొయ్యి దగ్గరున్న చిన్నమ్మాయి ఎవరికీ కనబడలేదు. రోజూ తగువే. చివరికి ఒక ఓడ కెప్టెన్ ఇంట్లో పని దొరికి, "నా సూపు నేను తీసుకుపోతున్నా" అని వెళ్ళిపోయింది పిన్ని. "పట్టుకుపో, వాసన కూడా మిగల్చకు" అంది అమ్మ.

"మరి తర్వాతైనా ఒక ఉత్తరం ముక్క రాయలేకపోయావా?" అన్నాను. "అదే రాస్తుందని నేను చూశాను. నేనే రాస్తానని అది చూసి ఉంటుంది. ఇంతలో ముసలివాళ్ళమైపోయాం" అంది.

వెళ్ళి పిన్నికి చెప్పు. రమ్మను. తొందరగా వెళ్ళరా.

అక్క

*

మార్చి 28

అక్కా,

చెప్పాను. మధ్యాహ్నం ఎవరూ లేనప్పుడు వెళ్ళి, గుమ్మంలోనే నిలబడి "పిన్నీ" అన్నాను. తిట్టడానికి నోరు తెరిచిన మనిషి గరిటె కింద పెట్టేసింది. కూర్చోవడానికి స్టూలు వెతుక్కుంటూ దాని పక్కనుంచే వెళ్ళిపోయింది. నేను చెయ్యి పట్టి కూర్చోబెట్టాను. ఆ చెయ్యి అచ్చం అమ్మ చెయ్యే, నూనె చురకలతో సహా.

తర్వాత ఏమందో తెలుసా? "ఉల్లిపాయల దగ్గర ఉండమన్నది ఆవిణ్ణి. నిద్రపోయి మాడ్చింది ఆవిడ. నీళ్ళు పోసి నిలబెట్టింది నేను." మాట మాటా అదే! గడ్డం పైకెత్తడం కూడా అదే. నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. నిజంగా ఎవరు నిద్రపోయారో ఇక ఎవరికీ తెలియదు అక్కా. ఇద్దరూ నిద్రలోనే ఉన్నారు కదా. ఆ ఎండ, ఆ బస్తాలు, ఆ పొగ తలుచుకుంటూ కేబిన్లో ఇవాళంతా కూర్చున్నాను.

రమ్మంటే రానంటోంది. "సూపు నాదని ముందు ఒప్పుకోమను, అప్పుడొస్తా" అంది. మొండిఘటం. కానీ నేను వచ్చేస్తుంటే, పొయ్యి వైపు తిరిగి, నన్ను చూడకుండా, "కళ్ళు అస్సలు కనబడవా?" అని అడిగింది. వెలుగూ నీడా తెలుస్తాయన్నాను.

అమ్మని ఒక్క మెట్టు దిగమని చెప్పి చూడు. ఆ ఒక్క మాట అనేస్తే ఏం పోతుంది?

తమ్ముడు

*

ఏప్రిల్ 10

తమ్ముడూ,

ఏం పోతుందో చెబుతా విను.

మ్యూజియం అమ్మాయి మళ్ళీ వచ్చింది. నువ్వు రెండో ఉత్తరం రాశావు, యార్డులో పాత మేస్త్రీలు ముగ్గురు వచ్చి చిన్నప్పటి నుంచి ఈవిడ చేతి సూపే తాగామని చెప్పారు. కాబట్టి అమ్మే కనిపెట్టిందని అమ్మ ఒక్క సంతకం పెడితే చాలు, గోడ మీద పేరు ఎక్కుతుంది. నాకు కాళ్ళు నేల మీద నిలవలేదు. కాగితం అమ్మ ముందు పెట్టి, పెన్ను చేతికిచ్చి, వేలు పట్టి చోటు చూపించాను. అమ్మ పెన్ను పక్కన పెట్టేసింది.

"అది వచ్చేసరికి గోడ మీద నా పేరుంటే స్టేషన్లోంచే వెనక్కి పోతుంది" అంది.

"రానంటోంది కదమ్మా! సూపు తనదని ఒప్పుకుంటేనే వస్తుందట. పోనీ ఒప్పేసుకో."

"ఒప్పుకుంటే అసలే రాదు. గెలిచిన మనిషికి రావలసిన పనేముంది?"

నేను వాదించాను, బతిమాలాను. అమ్మా, నీ పేరు, నీ జీవితమంతా నిలబడి చేసిన పని, ఆ హోటలు వాళ్ళు ఎత్తుకుపోతారమ్మా అన్నాను. వినలేదు. ఆ అమ్మాయి సంతకం లేని కాగితం తీసుకుని వెళ్ళిపోయింది. నేను పొయ్యి వెనక్కి వెళ్ళి ఏడ్చాను. ఉల్లిపాయలని బావతో అబద్ధం చెప్పాను.

పిన్నికి చదివి వినిపించమని అమ్మ చెప్పిన మాటలు ఇవి, ఉన్నవున్నట్టు రాస్తున్నాను: "నీ సూపు నీళ్ళలా ఉంటుందని నాకు ఇక్కడికే తెలుస్తోంది. పొగమంచుని సాకు చెప్పుకుని బతుకుతున్నావు. చేతనైతే వచ్చి నా పొయ్యి మీద చేసి చూపించు. నిద్రముఖందానా."

దీనికి ఎవరైనా వస్తారా? నువ్వే చెప్పు.

అలిసిపోయిన
అక్క

*

ఏప్రిల్ 21

అక్కా,

చదివి వినిపించాను. నిద్రముఖందానా అన్న మాట దగ్గర పిన్ని కళ్ళు తుడుచుకుంది. తర్వాత నడుముకి కట్టుకున్న గుడ్డ విప్పి గోడకి కొట్టింది. "అవతలి ఒడ్డున రైలు ఎప్పుడురా?" అంది.

ఇవాళ పడవ ఎక్కించాను. తోడుగా వస్తానంటే, "నీ క్రేను నువ్వు చూసుకో, నేనేం చిన్నపిల్లనా?" అని కసిరింది. అందుకని పైకెక్కి కేబిన్లోంచి చూశాను. మంచు కొంచెం విడింది. పడవ మీద అంత చిన్న మనిషి, సంచీ ఒళ్ళో పెట్టుకుని, వెళ్తున్న వైపే చూస్తూ కూర్చుంది. కాసేపటికి పడవ కనబడలేదు. నాకేమో అది ఇంకా కళ్ళ ముందే తేలుతున్నట్టుంది.

స్టేషన్ కి అమ్మని తీసుకెళ్ళు. వద్దన్నా తీసుకెళ్ళు.

తమ్ముడు

*

మే 6

బంగారు తమ్ముడూ,

వద్దనడమా? రైలు రావడానికి ఎంతో ముందే వెళ్ళి ప్లాట్‌ఫారం మీద కూర్చుంది. పిన్ని దిగి ఎదురుగా వచ్చి నిలబడింది. అమ్మ చెయ్యి చాచి ఆవిడ మొహం తడిమి, "సన్నబడ్డావు" అంది. "నీకేం కనబడుతుందని?" అంది పిన్ని. అక్కడ మొదలైన తగువు ఇంతవరకూ ఆగలేదు. పొయ్యి దగ్గర బావకి చోటు లేదు. ఒకావిడ ఉప్పు వేస్తే రెండో ఆవిడ రుచి చూసి మొహం చిట్లిస్తుంది. అమ్మ ఇంత గట్టిగా మాట్లాడడం నేను పుట్టి వినలేదురా. భోజనం కూడా రెండింతలు తింటోంది.

నిన్న మ్యూజియం గది తెరిచారు. నాకు వెళ్ళాలని లేదు, వాళ్ళిద్దరూ పట్టుబట్టారు. మన గోడ మీద హోటలు వంటవాడి ఫొటో, జలుబు చేసిన మంత్రిగారి కథ, బంగారు రంగు అక్షరాలు. నేను పైకి చదివాను. చదవడం పూర్తి కాకముందే ఇద్దరూ ఒక్కసారిగా "అబద్ధం!" అని అరిచారు. గదంతా తిరిగి చూసింది. కాపలా అతను పరిగెత్తుకొచ్చాడు. వెనకే మ్యూజియం అమ్మాయి.

"మరి ఎవరు చేశారండీ? ఇప్పుడైనా చెప్పండి, నేను మార్పిస్తాను" అంది ఆ అమ్మాయి, పెన్ను తీసి.

అమ్మా చెప్పు, ఒక్క మాట చెప్పు అని లోపల్లోపల మొత్తుకున్నాను. అమ్మ పిన్ని వైపు తిరిగి, "దాన్నడుగు" అంది. పిన్ని, "నన్నెందుకు? అక్కనడుగు" అంది. "నువ్వు చెప్పవే." "నువ్వే చెప్పు." ఆ అమ్మాయి ఇద్దరినీ చూస్తూ పెన్ను పట్టుకుని అలాగే నిలబడిపోయింది. కాసేపయ్యాక వాళ్ళు ఆ గోడనీ, ఆ అమ్మాయినీ, నన్నూ మర్చిపోయి, ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని బయటికి నడిచారు.

అమ్మ పేరు ఆ గోడ మీద లేదు. నాకు బాధగానే ఉంది, లేదని చెప్పను. కానీ వెనకాల నడుస్తుంటే ఒకటి విన్నాను. మ్యూజియం బయట మెట్లు ఎత్తుగా ఉంటాయి. అమ్మకి ఆ మెట్లు కనబడవు. పిన్నికి అన్నీ కనబడతాయి. అయినా అంచు దగ్గరికి రాగానే అమ్మే ముందు ఆగి, పిన్ని చెయ్యి గట్టిగా పట్టుకుని, "చూసుకుని దిగు చెల్లీ, పడిపోతావు" అంది.

నీ అక్క